వింత బొమ్మ వెనక మనిషి

1

బొమ్మల గురించి రాయటానికి నాకేం అర్హత ఉందని మిత్రులు అడగవచ్చు. నేను తెలుగు చదువుకున్నవాణ్ణి. పద్యమో కథో చేతిలో పెడితే దాని వస్తువేమిటి, రూపమేమిటి, అది ఎవరి పక్షాన మాట్లాడుతున్నది అని చెప్పటం నాకు అలవాటు. ఫోటోగ్రఫీ నా రంగం కాదు. అయినా ఈ వ్యాసం రాయవలసి రావటానికి రెండు సంఘటనలు కారణం. ఒకటి, మా పదో తరగతి పిల్లవాడు నాకు చూపించిన బొమ్మ. రెండోది, నేను తీసిన బొమ్మ. మొదటిది ముందు చెబుతాను. రెండోది చెప్పటానికి కొంత ధైర్యం కావాలి.

ఆ పిల్లవాడు సెల్‌ఫోనులో చూపించింది నీళ్ల ట్యాంకుల ఫోటోలు. మూడు వరసలు, వరసకు మూడు. అన్నీ నలుపు తెలుపు. ఒక్కదానిలోనూ మనిషి లేడు, చెట్టు లేదు, మేఘం లేదు. "ఎవరో పనీపాటా లేనివాళ్లు సార్, దేశాలు తిరిగి నీళ్ల ట్యాంకులకు ఫోటోలు తీశారు" అని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికి పోయిన తర్వాత మళ్లీ ఆ బొమ్మలు వెతికి చూశాను. ఈసారి నవ్వు రాలేదు.

ఆ ఫోటోలు తీసినవాళ్లు బెర్న్ట్ బెషర్, హిల్లా బెషర్ అనే జర్మన్ దంపతులు. 1959లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు ఇదే పని చేశారు. నీళ్ల ట్యాంకులు, ఇనుము కరిగించే కొలుములు, గ్యాసు నిలవచేసే గుండ్రటి తొట్లు, గనుల్లోకి మనుషుల్ని దింపి పైకి లాగే గోపురాలు వాళ్ల వస్తువు. జర్మనీతో మొదలుపెట్టి బెల్జియం, ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా తిరిగారు. వాళ్లు పెట్టుకున్న నియమాలు కఠినమైనవి. ఎండ ఉన్న రోజు తీయకూడదు, నీడలు పడతాయి. వస్తువుకు ఎదురుగా నిలబడి తీయాలి. ఒకే రకం వాటిని ఒకచోట పేర్చి చూపాలి. 1970లో వేసిన పుస్తకానికి 'పేరులేని శిల్పాలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1990లో వెనిస్ కళాప్రదర్శనలో వాళ్లకు బహుమతి ఇచ్చింది శిల్పకళా విభాగంలో. అంటే ఫోటోలకు శిల్పానికిచ్చే బహుమతి వచ్చింది.

ఇందులో విశేషమేమిటి? ఒక్క నీళ్ల ట్యాంకును చూస్తే అది నీళ్ల ట్యాంకే. తొమ్మిదింటిని పక్కపక్కన చూస్తే, ఒకదాని నడుము ఎంత సన్నం, ఒకదాని టోపీ ఎంత వెడల్పు, ఒకదానికి ఎన్ని కాళ్లు అన్నది కనిపించటం మొదలవుతుంది. ప్రతిదాన్నీ ఎవరో ఆలోచించి కట్టారని తెలుస్తుంది. మనకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. శతకం చేసేది ఇదే. మకుటం మారదు, పద్యం మారుతుంది. మారని మకుటం ఉండబట్టే మారే పద్యం మీద మన దృష్టి నిలుస్తుంది. బెషర్ దంపతులు ఫోటోలతో శతకం రాశారు. వాళ్లు తీస్తుండగానే ఆ గనులు మూతపడుతున్నాయి, ఆ కొలుములు కూలగొడుతున్నారు. అందుచేత అది శతకం మాత్రమే కాదు, ఒక కాలపు పారిశ్రామిక జీవితానికి మరణ వాఙ్మూలం కూడా.

ఇంటర్నెట్‌లో వింతగా కనిపించే ఫోటో ప్రయత్నాల్లో చాలావాటికి మూలసూత్రం ఇదే: ఒక నియమం పెట్టుకోవటం, దాన్ని పట్టుదలగా పాటించటం. అమెరికన్ ఫోటోగ్రాఫర్ నికొలస్ నిక్సన్ 1975 నుంచి ఏడాదికొకసారి తన భార్యనూ ఆమె ముగ్గురు చెల్లెళ్లనూ ఒకే వరసలో నిలబెట్టి ఫోటో తీశాడు. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ వరస మారలేదు. ఏ ఒక్క ఫోటోలోనూ కథ లేదు. అన్నీ కలిపి చూస్తే కాలం అనే కంటికి కనపడని వస్తువు నలుగురి ముఖాల మీద పనిచేయటం కనిపిస్తుంది. నియమం ఇక్కడ సంకెల కాదు, చూపుకు ఆధారం.

2

ఇలాంటివి చూసి కొందరు పెద్దలు "కాలక్షేపం" అని కొట్టిపారేస్తారు. నేనూ అలా అన్నవాణ్ణే. కాని ఆలంకారికులు అద్భుతాన్ని రసాల్లో ఒకటిగా లెక్కపెట్టారు. విస్మయం దానికి స్థాయీభావమన్నారు. ఆశ్చర్యపడటం తక్కువ పనేమీ కాదు. రోజూ చూసేదాన్ని మొదటిసారి చూసినట్టు చూడగలగటమే ఆశ్చర్యం. ప్రశ్న అది కాదు. ఆశ్చర్యం కలిగిన తర్వాత అది మనల్ని ఎక్కడికి తీసుకుపోతున్నది, ఎక్కడ వదిలేస్తున్నది అన్నదే ప్రశ్న.

సెల్‌ఫోనులో ఒక బొమ్మను వేలితో పైకి తోస్తే ఇంకొకటి వస్తుంది. విస్మయం స్థాయీభావంగా నిలవటానికి సమయమే లేదు; ఒక ఆశ్చర్యాన్ని మరో ఆశ్చర్యం మింగేస్తుంది. చూసినవాడికి చివరకు మిగిలేది వేలి నొప్పి. అందుకని ఆశ్చర్యాన్ని పనికి పెట్టినవాళ్లెవరో, దాన్ని సరుకుగా అమ్ముకున్నవాళ్లెవరో విడదీసి చూడటం అవసరం.

ఆశ్చర్యాన్ని పనికి పెట్టినవాడికి ఒక ఉదాహరణ క్రిస్ జోర్డాన్. అమెరికాలో అయిదు నిమిషాల్లో వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు 20 లక్షలు అన్న లెక్క తీసుకుని, 2007లో ఆ 20 లక్షల సీసాలూ కనిపించే ఒక పెద్ద చిత్రం తయారుచేశాడు. దూరం నుంచి చూస్తే ఏమిటో తెలియని చుక్కల ముద్ద. దగ్గరకు పోయేకొద్దీ ప్రతి చుక్కా ఒక సీసా. అదే ఏడాది మరొకటి చేశాడు. సూరా అనే ఫ్రెంచి చిత్రకారుడు 19వ శతాబ్దంలో చుక్కలు చుక్కలుగా వేసిన ప్రఖ్యాత చిత్రం ఒకటుంది. ఆదివారం నాడు నది ఒడ్డున తీరికగా కూచున్న జనం అందులో ఉంటారు. జోర్డాన్ ఆ చుక్కల స్థానంలో 1,06,000 పానీయాల డబ్బాలు పెట్టాడు. అమెరికాలో ముప్పై సెకన్లలో వాడే డబ్బాలు అవి.

20 లక్షలు అన్న మాట వింటే మన మనసులో ఏమీ కదలదు. అంకె పెద్దదయ్యేకొద్దీ అనుభూతి చిన్నదవుతుంది. ఆ అంకెను కంటికి అందించటం కళ చేయగల పని, కళే చేయగల పని. ఇక్కడ వింత రూపం వస్తువు నుంచి పుట్టింది; అతికించినది కాదు.

అయినా నాకు ఒక వెలితి కనిపించింది. ఆ సీసాలు తయారుచేసిన చేతులేవి? పారేసిన తర్వాత ఏరుకునే చేతులేవి? అంకె కనిపించింది గాని మనిషి కనిపించలేదు. మనిషిని కెమెరా ముందుకు తెచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది.

3

ఆ చిక్కు ఫోటోగ్రఫీ అంత పాతది. 1876-78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని పెద్ద కరువు తినేసింది. మా రాయలసీమలో దాన్ని ధాత కరువు అంటారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఉన్నాయి. ఆ కరువు కాలంలో విలబీ వాలెస్ హూపర్ అనే ఆంగ్ల సైనికాధికారి ప్రెసిడెన్సీలో ఆకలిగొన్న మనుషుల్ని గుంపులుగా కూచోబెట్టి, నిలబెట్టి ఫోటోలు తీశాడు. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేని తల్లులు, పిల్లలు. స్టూడియోలో కుటుంబాన్ని కూచోబెట్టినట్టే కుదురుగా కూచోబెట్టాడు. ఫోటో తీసుకుని, ఏ సాయమూ చేయకుండా పంపించేశాడని ఆనాడే అతని మీద విమర్శ వచ్చింది. ఇవాళ ఆ ఫోటోలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. అందులో ఒక్కరి పేరూ లేదు. ఫోటో తీసినవాడి పేరు మాత్రం ఉంది.

ఆ ఫోటోలు లేకపోతే బాగుండేదా? లేదు. కరువుకు అవి సాక్ష్యం. కాని సాక్ష్యం చెప్పినవాళ్లకు సాక్షులన్న గౌరవం దక్కలేదు. వాళ్లు చూడబడ్డారు; చూడలేదు.

ఇక నా సంగతి. కొన్నేళ్ల కిందట మా బడిలో మధ్యాహ్న భోజనం వేళ ఒక అమ్మాయి పళ్లెం పట్టుకుని కూచుంది. యూనిఫారం భుజం దగ్గర చిరిగింది. కిటికీలోంచి వెలుగు సరిగ్గా ఆమె ముఖం మీద పడింది. సెల్‌ఫోనుతో ఫోటో తీశాను. నిజానికి ఆ వెలుగే నన్ను ఆకర్షించింది. దాన్ని బడి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గుంపులో పెట్టి, పిల్లలకు బట్టలు కావాలని నాలుగు వాక్యాలు రాశాను. డబ్బు వచ్చింది. ఫోటో బాగుందని మెచ్చుకోళ్లు కూడా వచ్చాయి. ఆ అమ్మాయి మాత్రం నాలుగు రోజులు బడికి రాలేదు. అయిదో రోజు వాళ్లమ్మ వచ్చింది. "మంచికే చేసినారు సార్, కాదన్ను. కానీ మా పాపను ఒక మాట అడక్కుండా ఊరందరికీ చూపిస్తిరి కదా" అంది. అంతకుమించి ఒక్క మాటా అనలేదు. నేను జవాబు చెప్పలేకపోయాను. కథల్లో పేదరికాన్ని జాలికి సరుకు చేయకూడదని పదేళ్లుగా వ్యాసాలు రాస్తున్నవాణ్ణి నేను.

ఆ తర్వాతనే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ జేమ్స్ మోలిసన్ 2010లో ప్రచురించిన ఫోటోల విలువ నాకు అర్థమైంది. అతని వస్తువు పిల్లలు నిద్రపోయే చోటు. అనేక దేశాల పిల్లల్ని తీసుకున్నాడు. ఒక పక్క బిడ్డ, ఇంకో పక్క ఆ బిడ్డ పడుకునే చోటు. ఒకరికి బొమ్మలతో నిండిన గది, ఒకరికి ఆరుబయట పరుపు. ఇందులో గమనించవలసింది పిల్లల్ని తీసిన తీరు. వాళ్లను వాళ్ల గదుల్లో తీయలేదు. అందరినీ ఒకేరకం వట్టి తెర ముందు నిలబెట్టి తీశాడు. ఆ తెర ముందు ధనవంతుడి బిడ్డకూ పేదవాడి బిడ్డకూ తేడా లేదు, ఇద్దరూ పిల్లలే. తేడా అంతా పక్క బొమ్మలో ఉంది. అంటే తేడా బిడ్డలో లేదు, బిడ్డకు లోకం ఇచ్చిన చోటులో ఉంది. ఒక పెద్ద సామాజిక వాస్తవాన్ని ఇంత తేలికైన ఏర్పాటుతో చెప్పటమే శిల్పం.

జూలియన్ జర్మెయిన్ అనే మరో బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ 2004 నుంచి తరగతి గదుల్ని తీశాడు. ఇంగ్లండులో మొదలుపెట్టి అనేక దేశాలు తిరిగాడు. 2012లో అవి పుస్తకంగా వచ్చాయి. కెమెరా ఉండేది ఉపాధ్యాయుడు నిలబడే వైపు. పిల్లలంతా తమ తమ స్థానాల్లో కూచుని సూటిగా మనవైపు చూస్తుంటారు. నవ్వమని చెప్పినట్టు కనిపించదు. ఇరవై ఏళ్లుగా నేను నిలబడుతున్న చోటే అది. అయినా ఆ ఫోటోలు చూసినప్పుడే నాకు తట్టింది: తరగతిలో పిల్లల్ని నేను చూస్తున్నాననుకుంటాను గాని, నలభై జతల కళ్లు నన్ను చూస్తున్నాయి. హూపర్ ఫోటోల్లో లేనిది, ఈ ఫోటోల్లో ఉన్నది ఆ తిరిగి చూసే చూపు.

4

తిరిగి చూడనివ్వటం ఒక మెట్టు. ఇంకో మెట్టు, బొమ్మ చేయటంలో పాలు ఇవ్వటం. బ్రెజిల్ కళాకారుడు విక్ మునిజ్ పని ఇందుకు మంచి ఉదాహరణ. 1996లో అతను కరేబియన్ సముద్రంలోని సెయింట్ కిట్స్ ద్వీపంలో చెరుకు తోటల కూలీల పిల్లల్ని చూశాడు. ఆ పిల్లల్లో ఉన్న తీపి వాళ్ల తల్లిదండ్రుల్లో ఎందుకు లేదని ఆలోచించాడు. నల్ల కాగితం మీద పంచదార చల్లి ఆ పిల్లల ముఖాలు గీసి, వాటిని ఫోటో తీశాడు. తల్లిదండ్రుల జీవితాన్ని పిప్పి చేసి పుట్టిన పంచదారే పిల్లల ముఖమైంది. ఇక్కడ పంచదార అలంకారం కాదు, అదే వస్తువు.

ఆ తర్వాత పదేళ్లకు పైగా గడిచాక అతను రియో డి జనీరో దగ్గర జర్దీం గ్రమాషో అనే బ్రహ్మాండమైన చెత్త దిబ్బకు పోయాడు. అక్కడ చెత్త ఏరుకుని అమ్ముకుని బతికేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకొక సంఘం ఉంది. మునిజ్ వాళ్లలో కొందరి ఫోటోలు తీసి, ఒక పెద్ద షెడ్డు నేల మీద వాటి గీతలు పడేటట్టు చేశాడు. ఆ గీతల వెంట సీసాలు, టైర్లు, డబ్బాలు, గుడ్డలు పేర్చింది వాళ్లే. తమ చేతులతో ఏరిన చెత్తతో తమ ముఖాలనే చేసుకున్నారు. ఎత్తున నిలబడి మునిజ్ దాన్ని ఫోటో తీశాడు. సంఘం అధ్యక్షుడి చిత్రం లండన్‌లో వేలంలో అమ్ముడుపోయింది. డబ్బు ఆ కార్మికులకు చేరింది. దీని మీద 2010లో 'వేస్ట్ ల్యాండ్' అనే డాక్యుమెంటరీ వచ్చింది.

ఇందులో ప్రశ్నించవలసింది లేదా? ఉంది. కొన్నాళ్లు వేరే జీవితం చూపించి మళ్లీ ఆ దిబ్బమీదికే పంపటం న్యాయమా అని ఆ డాక్యుమెంటరీలో మునిజ్ బృందంలోనే వాదన జరుగుతుంది. 2012లో ఆ దిబ్బను ప్రభుత్వం మూసేసింది. బొమ్మ దిబ్బను మార్చలేదు. మార్చగలదని అనుకోవటం అమాయకత్వం. కాని సంతలో కొనేవాడికి అది గోడకు తగిలించే అందమైన చిత్రమయితే, చేసినవాళ్లకు మాత్రం తమ శ్రమ తమ రూపంగా కనిపించిన మొదటి సందర్భం. ఈ రెండూ ఒకే బొమ్మలో ఉన్నాయి. ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేసే విమర్శ సగం విమర్శ.

ఫ్రాన్స్‌కు చెందిన జేఆర్ అనే కళాకారుడు 2009లో కెన్యా రాజధాని నైరోబీలోని కిబేరా మురికివాడలో చేసిన పని ఇంకా ఒక అడుగు ముందుకు పోతుంది. అక్కడి స్త్రీల కళ్లను, ముఖాలను పెద్దవిగా ముద్రించి ఇళ్ల కప్పుల మీద పరిచాడు. కాగితం మీద కాదు, నీళ్లు దిగని గట్టి పట్టాల మీద ముద్రించాడు. కప్పు కారకుండా ఆ బొమ్మే కాపాడుతుంది. చిత్రాన్ని చూడటానికి వచ్చినవాడికి అది కళ. ఆ కప్పు కింద పడుకునే తల్లికి అది వాన నుంచి రక్షణ. రూపానికీ ప్రయోజనానికీ వైరం లేదని మనం వ్యాసాల్లో వాదిస్తూ వచ్చాం. అక్కడ దాన్ని కప్పు మీద పరిచి చూపించారు.

5

చివరగా మాట సంగతి. బొమ్మే అంతా చెబుతుందనే నమ్మకం నాకు లేదు. పాలగుమ్మి సాయినాథ్ 1993-2002 మధ్య పది రాష్ట్రాల్లో శ్రామిక స్త్రీల ఫోటోలు తీశారు. కనిపించే శ్రమ, కనిపించని స్త్రీలు అన్నది ఆ ప్రదర్శన భావం. ఆయన 2014లో మొదలుపెట్టిన 'పరి' అనే గ్రామీణ భారత భాండాగారంలో ఇవాళ దాన్ని ఇంట్లో కూచుని చూడవచ్చు. అందులో ఒక ఫోటో: పొలం ముందు భూస్వామి నిటారుగా నిలబడి ఉంటాడు. వెనక తొమ్మిది మంది స్త్రీలు నడుములు వంచి నాట్లు వేస్తుంటారు. రోజుకు నలభై రూపాయలిస్తున్నానని అతను చెప్పాడు. ఇచ్చేది ఇరవై అయిదేనని ఆ స్త్రీలు తర్వాత చెప్పారు. వాళ్లు ఒడిశా రాయగడ ప్రాంతపు కూలీలు. నిలబడినవాడూ వంగినవాళ్లూ బొమ్మలో కనిపిస్తారు. ఆ పదిహేను రూపాయలు బొమ్మలో కనిపించవు, మాటే చెప్పాలి. మాట తీసేసి ఆ ఫోటోను ఇంటర్నెట్‌లో తిప్పితే అది పచ్చటి పొలం బొమ్మగా మిగులుతుంది.

అందుకే మా పిల్లలకు నేను నేర్పే పద్ధతి ఇది. వింత బొమ్మ కనపడగానే ముందుకు తోయవద్దు. తీసినవారెవరు? ఎప్పుడు, ఎక్కడ? ఇది ఒంటరి బొమ్మా, వరసలో ఒకటా? వరసయితే నియమమేమిటి? దీనితో పుట్టిన మాటలేవి, అవి ఎక్కడ పోయాయి? బొమ్మలో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలుసా? ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా చేర్చాను: ఇందులో ఉన్న మనిషి అసలు ఉన్నాడా? 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు యంత్రం చేత తయారుచేయించిన బొమ్మను ఒక అంతర్జాతీయ ఫోటో పోటీకి పంపాడు. బహుమతి వచ్చాక అది ఫోటో కాదని తానే చెప్పి, బహుమతి నిరాకరించాడు. న్యాయనిర్ణేతలే పొరబడిన చోట మన పిల్లలు పొరబడరని అనుకోలేం.

ఇవన్నీ విన్నాక మా తరగతి పిల్లలు "మనమూ ఒక వరస తీద్దాం సార్" అన్నారు. గది బయట విడిచిన చెప్పులు రోజూ తీద్దామని ఒకడన్నాడు. నాకు బాగా నచ్చింది. వెనక బెంచీనుంచి ఒక అమ్మాయి లేచి, "చెప్పులు లేకుండా వచ్చేవాడి సంగతేంది సార్?" అంది. అందరూ ఊరుకున్నారు. నాకు తట్టని ప్రశ్న అది. తట్టవలసిన ప్రశ్న.

చివరకు కొళాయి దగ్గర వరసలో పెట్టే బిందెలు తీయాలని నిర్ణయించుకున్నారు. మా ఊళ్లో నీళ్లు వచ్చే వేళకు మనిషికి బదులు బిందె వరసలో నిలబడుతుంది. స్టీలు బిందె, ప్లాస్టిక్ బిందె, సొట్టపోయిన ఇత్తడి బిందె. ప్రతి బిందె సొంతదారునూ అడిగి తీయాలన్నది పిల్లలే పెట్టుకున్న నియమం. ఇరవై మంది ఒప్పుకున్నారు. ఒక అవ్వ మాత్రం "నా బిందె మీకెందుకు నాయనా, వద్దు పో" అంది. పిల్లలు వెనక్కు వచ్చారు.

ఆ ఇరవై ఫోటోలు ఇప్పుడు మా తరగతి గోడమీద ఉన్నాయి. వరసలో ఏడోచోటు ఖాళీగా ఉంది. దాని కింద "అవ్వ వద్దంది" అని రాశారు. పిల్లలు ఎవరూ ఆ బొమ్మల్ని ఇంటర్నెట్‌లో పెట్టలేదు. పెట్టాలంటే మళ్లీ ఇరవై మందినీ అడగాలట.